పరిమితి 25 లక్షలు సరే, ప్యాకేజీ రేటెంత?

ఆరోగ్యశ్రీ మీద మన ప్రభుత్వాలు వేలంపాట పాడుతున్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణ 5 లక్షల ఉచిత వైద్యం పరిమితిని 10 లక్షలు చేస్తే, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలంది. బకాయిలు రాలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం మాత్రం రెండుచోట్లా మామూలైపోయింది. అసలు రోగికి తలుపు తెరిచేది పరిమితి కాదు, అతని ఆపరేషన్‌కు ఆసుపత్రికి ఇంత ఇస్తామని ఆరోగ్యశ్రీ ట్రస్టు ఖరారు చేసిన ప్యాకేజీ రేటు.

బైపాస్ సర్జరీనే తీసుకోండి. పరీక్షలు, మందులు, ఐసీయూ, భోజనం, తిరుగు ప్రయాణం ఛార్జీలు అన్నీ ఆ ఒక్క మొత్తంలోనే సర్దాలి. ఆపరేషన్‌లో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనరేటర్, కుట్లదారం, యాంటీబయాటిక్స్ అమ్మేవాడు ఆరోగ్యశ్రీ కేసు కదా అని ధర తగ్గించడు. అవన్నీ పోగా మిగిలిందే సర్జన్‌కు, మత్తు డాక్టరుకు. పైగా 50 ఏళ్ల గట్టి మనిషికీ, షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్న 72 ఏళ్ల పెద్దాయనకూ రేటు మారదు. పెద్దాయన వెంటిలేటర్ మీద నాలుగు రోజులు ఎక్కువుంటే ప్యాకేజీ అక్కడికే అయిపోతుంది. అందుకే ఆయన వెళ్తే 'బెడ్లు లేవు, హైదరాబాద్ తీసుకెళ్లండి' అంటారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే వదిలించుకోమని చెప్పే రేటిది.

క్లెయిమ్ డబ్బు ఏడాది ఆగిందనుకోండి. 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చి నడిపే ఆసుపత్రికి లక్ష ప్యాకేజీ 88 వేలే. కార్పొరేట్ ఆసుపత్రి నగదు పేషెంట్లతో నెట్టుకొస్తుంది, జిల్లాలోని 50 పడకల నర్సింగ్ హోమ్ నెట్టుకురాలేదు. ఆ లోటు రోగి జేబులోంచే పూడుతుంది: ప్రీఆథరైజేషన్‌కు (ట్రస్టు ముందస్తు అనుమతికి) ముందు తీసిన స్కాన్‌కు విడిగా బిల్లు, మంచి స్టెంట్ కావాలంటే తేడా కట్టమనే బేరం.

రేట్లు పెంచితే దొంగ బిల్లులు పెరుగుతాయని కొందరి వాదన. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు జరిగిన మాట నిజమే. మరి అవే ఎందుకు జరిగాయి? తక్కువ ఖర్చుతో, త్వరగా తేలిపోయే కేసులు కనుక. ఏ ప్యాకేజీలో ఎంత మిగులుతుందో, ఎంత నష్టమో లెక్క తీయకుండా పెంచినా ఆ వంకర పోదు.

కరెంటు ఛార్జీలు తేల్చడానికి ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ కమిషన్) ఉంది. కరెంటు పంపిణీ చేసే డిస్కంలు ఖర్చుల లెక్కలు దాని ముందు పెట్టాలి, బహిరంగ విచారణలో మామూలు రైతు కూడా మైకు పట్టుకుని నిలదీయొచ్చు, ఉత్తర్వులో కారణాలు రాయాలి. యూనిట్ కరెంటుకున్న ఈ విలువ ఐసీయూలో ఒక రోజుకు లేదా? వైద్యం రేట్లకూ అలాంటి కమిషన్ కావాలి. వయసు, షుగరు, కిడ్నీ జబ్బులను బట్టి అదనపు మొత్తం కట్టాలి. మనం కరెంటు బిల్లు ఆలస్యం చేస్తే సర్‌ఛార్జీ వేస్తున్నారుగా, 45 రోజులు దాటిన ప్రతి క్లెయిమ్‌కూ ట్రస్టు మీద అదే పడాలి.