భయపడేవాళ్లని విశ్వాసం లేనివాళ్లనకండి

"భయపడుతున్నావంటే నీలో విశ్వాసం లేనట్టే." ఈ మాట మన క్రైస్తవ సంఘాల్లో ఇక వినపడకూడదు. ప్రసంగంలో గట్టిగా అరిచి చెప్పేవాళ్లున్నారు, పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద రాసి వాట్సాప్‌లో పంపేవాళ్లున్నారు. ఆపరేషన్‌కి వెళ్తూ చేతులు వణుకుతున్న మనిషితో కూడా ఇదే అనగా విన్నాను. అసలే బెదిరిపోయి ఉన్న మనిషి నెత్తిన, దేవుడి దగ్గర తప్పు చేశానన్న బెంగ కూడా పెడుతున్నాం. ఎందుకండీ ఇలా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా గజపతి జిల్లాలో తెలుగువాళ్లకీ ఒడియావాళ్లకీ సవరలకీ అక్టోబరు నెల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. ఈ మూడు తుపాన్లూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. ఆ రోజుల్లో గాలి కాస్త జోరుగా వీచినా మా ఇళ్లల్లో పెద్దవాళ్ల చూపు పైకప్పు మీదికే పోతుంది.

తిత్లీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మా మీదికొచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, మహేంద్రతనయ నది పొంగుతోందని వీధిలో ఎవరో కేకలు. రేకులు లేచిపోయిన ఇళ్లవాళ్లతో కలిసి అందరం పక్కింటి శ్లాబు గదిలో సర్దుకున్నాం. అక్కడున్న మామ్మగారికి చదువు రాదు, బైబిల్లోని 46వ కీర్తన మాత్రం మొత్తం నోటికొచ్చు. "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు" అని మొదలుపెట్టింది. గొంతు వణుకుతోంది. తలుపు కింద నుంచి నీళ్లు రాకుండా గోనెసంచి అడ్డం పెట్టి, దాన్ని కాలితో తొక్కిపట్టి, ఆ కాలు తీయకుండానే ఒక్కో వచనం చెబుతోంది. గాలి విసురుకి తలుపు దడదడలాడినప్పుడల్లా ఆగి "ప్రభువా" అనడం, మళ్లీ ఆపిన చోటి నుంచే అందుకోవడం. రెండోసారికి పిల్లలు కూడా ఆవిడ వెనకాలే అనడం మొదలుపెట్టారు. ఏడుపులు సద్దుమణిగాయి. ఆవిడకి భయం లేదంటే నేనొప్పుకోను. భయం ఉంది. ఎవరితో మొరపెట్టుకోవాలో కూడా తెలుసు, అందుకే చెయ్యాల్సిన పని చేస్తూనే ఉంది. విశ్వాసం మనిషిని నిలబెట్టడమంటే నేను కళ్లారా చూసింది ఇదే.

పైగా ఆ కీర్తన కొండలు కదలవని ఎక్కడా మాటివ్వలేదు. "నడిసముద్రములలో పర్వతములు మునిగినను" అని ముందే చెబుతోంది. తిత్లీ వానకి మా జిల్లాలోనే, బరఘర గ్రామంలో, కొండ నిజంగానే కదిలింది. వానకి తాళలేక గుహలో తలదాచుకున్నవాళ్ల మీద చరియ విరిగిపడింది. ఆ తర్వాత మందిరంలో సాక్ష్యాల సమయంలో కొందరు "మేం ప్రార్థనలో ఉన్నాం గనక మా ఇంటి రేకు ఒక్కటి కూడా ఎగరలేదు" అని చెబుతుంటే నాకు కడుపు రగిలిపోయింది. దేవుడికి స్తోత్రం చెప్పుకోవాల్సిందే, నేనూ చెప్పుకున్నాను. కానీ మన రేకు నిలిచిందని మన ప్రార్థనకి మార్కులేసుకుంటే, బరఘరలో అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి మనం ఏం చెబుతున్నట్టు?

తుపాను ప్రసంగాలకి అందరూ ఎత్తుకునే వాక్యభాగం మార్కు సువార్త 4వ అధ్యాయం. అందులో వరస ఒకసారి చూడండి. దోనె నీళ్లతో నిండిపోతుంటే శిష్యులు నిద్రపోతున్న యేసుని లేపి, మేం నశించిపోతున్నాం, నీకు చింత లేదా అని నిలదీశారు. ఆయన లేచి ముందు గాలిని గద్దించాడు. అలలు అణిగాక అప్పుడు అడిగాడు, ఎందుకు భయపడుతున్నారని. మనం గాలి జోలికి పోం గానీ, మునుగుతున్నవాణ్ణి మాత్రం ముందే గద్దిస్తాం.

ఆ ప్రభువే సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఎంత వేదనపడ్డాడో మన అందరికీ తెలుసు. నాతో కూడా మెలకువగా ఉండండని శిష్యుల్ని అడిగాడు. ఆయనకే తోడు కావాల్సి వచ్చింది, మనమెంత?

ఇంకో రకం భయం కూడా మా పక్కనే చూశాం. 2008 ఆగస్టులో క్రైస్తవుల మీద దాడులతో కందమాల్ జిల్లా తగలబడినప్పుడు వేలమంది క్రైస్తవులు ఇళ్లొదిలి అడవుల్లోకి, తర్వాత సహాయ శిబిరాల్లోకి పారిపోయారు. ఊళ్లోనే ఉండి ఉంటే విశ్వాసవీరులయ్యేవారని తీరిగ్గా కూర్చుని మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. రాజు చంపుతాడని పసి యేసుని ఎత్తుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకి పారిపోయిన యోసేపు మరియల్ని ఆయన ఏమంటాడో మరి. క్రిస్మస్‌కి వాళ్ల బొమ్మలు పెట్టి దండం పెడతాం, అదే పని చేసిన మన తోటివాళ్లని తక్కువ చేస్తామా?

అయ్యగార్లకీ సంఘపెద్దలకీ నా విన్నపం. అక్టోబరు వచ్చేలోగా స్త్రీల కూడికల్లో, సండే స్కూల్లో 46, 91, 121 కీర్తనలు నోటికి నేర్పించండి. ఫోన్లో బైబిలు చార్జింగ్ ఉన్నంతసేపే. మా చుట్టుపక్కల సంఘాల్లో చాలావాటికి శ్లాబు మందిరాలున్నాయి. రేకుల ఇళ్లల్లో ఉండేవాళ్లు ఏ మతంవాళ్లయినా సరే, హెచ్చరిక వచ్చిన సాయంత్రమే మందిరం తలుపులు తెరవండి. లాంతర్లు, మంచినీళ్లు, అటుకులు సిద్ధంగా ఉంచండి. తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో ఈ ఆదివారమే ప్రకటనల్లో చెప్పండి.