ఒకినావా సముద్రపు ఆవు వేసిన కేసు

లోతు తక్కువ సముద్రంలో, ఇసుక మీద పెరిగిన గడ్డి మధ్య ఒక వంకర చాలు కనిపిస్తుంది. నీళ్ల కింద ఎవరో నాగలి లాగినట్టు ఉంటుంది. సముద్రపు ఆవు అని పిలిచే డ్యూగాంగ్, మూతితో గడ్డిని వేళ్లతో సహా పెకలించి తింటూ పోయిన జాడ అది. నాలుగు వందల కిలోల వరకు పెరిగే జంతువే అయినా మనిషి కంట పడటం చాలా అరుదు. అందుకే జపాన్‌లోని ఒకినావా తీరంలో అది ఇంకా ఉందా, పోయిందా అని తెలుసుకోవాలంటే ఈ చాళ్లనే వెతుకుతారు.

2014లో హెనోకో ఊరి ముందున్న సముద్రంలో, అమెరికా సైనిక స్థావరం కోసం పూడ్చబోయే చోటా ఆ చుట్టుపక్కలా, పర్యావరణ బృందాల వాళ్లు నీళ్లలో దిగి ఇలాంటి చాళ్లు వందకు పైగా లెక్కపెట్టారు. సరిగ్గా అదే ఏడాది అమెరికా రక్షణ శాఖ, ఈ నిర్మాణం వల్ల డ్యూగాంగ్‌కు ఏ హానీ ఉండదని కాగితం మీద రాసి చేతులు దులుపుకుంది. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఈ కేసు మొదలైంది 2003లో, శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో. వాదుల్లో మొదటి పేరు మనిషిది కాదు, 'ఒకినావా డ్యూగాంగ్'. ప్రతివాది అప్పటి రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్. లాయర్లు పట్టుకున్నది వన్యప్రాణి చట్టాన్ని కాదు, చారిత్రక కట్టడాలను కాపాడే అమెరికా చట్టాన్ని! 1980లో అందులో ఒక నిబంధన చేర్చారు. అమెరికా వేరే దేశంలో ఏ పని తలపెట్టినా, ఆ దేశం తన వారసత్వ సంపదగా గుర్తించిన వాటికి దెబ్బ తగులుతుందేమో ముందే చూసుకోవాలి. జపాన్ తన సాంస్కృతిక సంపద చట్టం కింద డ్యూగాంగ్‌ను సహజ స్మారకంగా ఏనాడో ప్రకటించింది. ఊరికే ప్రకటించలేదు. ఒకినావా వాళ్లు దాన్ని 'జాన్' అంటారు. ఒకప్పుడు ఒకినావాను ఏలిన ర్యూక్యూ రాజుల కాలంలో ఒక దీవి జనం పన్నుగా చెల్లించింది దాని మాంసాన్నే. సునామీ రాబోతోందని మనుషుల్ని హెచ్చరించిన జీవిగా దాని మీద కథలూ ఉన్నాయి.

ప్రాణమున్న జంతువు 'ఆస్తి' ఎలా అవుతుందని అమెరికా ప్రభుత్వ లాయర్లు వాదించారు. అవుతుందని 2005లో జడ్జి మారిలిన్ హాల్ పటేల్ చెప్పారు. 2008లో రక్షణ శాఖ చట్టాన్ని ఉల్లంఘించిందని కూడా తేల్చారు. ఆ తీర్పు చదివి నేను నిజంగా పొంగిపోయాను.

కానీ ఆ చట్టం 'ఆపు' అనదు. 'ఆలోచించు' అంటుంది, అంతే. హాని ఉందో లేదో తేల్చేది మళ్లీ ఆ రక్షణ శాఖే. అది తేల్చిన తీరు చూడండి: ఆ ప్రాంతంలో డ్యూగాంగ్‌లు చాలా తక్కువ, ఎప్పుడో గానీ రావు, కాబట్టి హాని లేదట! తక్కువగా ఉన్నాయనే కదా కాపాడమని కోర్టుకెక్కింది? అంతరించిపోతున్న జీవి విషయంలో ఈ లెక్క పెడితే, అది ఎంత తగ్గితే కట్టేవాడికి అంత లాభం. చివరిది కూడా పోతే ఇక అడ్డే లేదు.

ఆ నివేదిక మీద మళ్లీ కోర్టుకెళితే 2015లో కింది కోర్టు, ఇది రాజకీయ వ్యవహారం, మేం తలదూర్చం అంది. 2017లో అప్పీళ్ల కోర్టు అలా కుదరదు, వినాల్సిందే అంది. విన్నారు. 2018లో రక్షణ శాఖదే గెలుపు, 2020లో అప్పీలులోనూ అదే. శాఖ తగినంత శ్రద్ధగానే పరిశీలించిందట. పదిహేడేళ్ల పోరాటం అలా ముగిసింది.

జపాన్‌లో జరిగింది ఇంకా ఘోరం. పూడికకు ఇచ్చిన అనుమతిని ఒకినావా గవర్నర్ తకేషీ ఒనాగా 2015లో రద్దు చేశారు. ఆయన పోయాక 2018లో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం మరోసారి రద్దు చేసింది. రెండుసార్లూ కేంద్ర రక్షణ కార్యాలయం ఏం చేసిందో తెలుసా? మామూలు పౌరుడికి అన్యాయం జరిగితే ఫిర్యాదు చేసుకోవడానికి పెట్టిన చట్టం కింద, కేంద్రంలోని మరో మంత్రికి ఫిర్యాదు పెట్టుకుంది. ఆ మంత్రి రద్దును పక్కన పెట్టారు. కంచే చేను మేయడమంటే ఇదే. 2019 ఫిబ్రవరి రెఫరెండంలో ఓటేసిన వాళ్లలో 72 శాతం పూడిక వద్దన్నారు. అయినా పని మానలేదు.

హెనోకోలో కడుతున్నది ఫుతెన్మా అనే అమెరికా స్థావరానికి బదులుగా. ఆ ఫుతెన్మా ఒకినావాలోని గినోవాన్ నగరం నడిబొడ్డున ఉంది, ఇళ్ల మీదుగా, బడుల మీదుగా విమానాలు తిరుగుతాయి. అక్కడి జనం భయం నిజం, ఆ స్థావరం మూతపడాల్సిందే. కానీ అయిదు నుంచి ఏడేళ్లలో తిరిగి ఇచ్చేస్తామని 1996లో అన్న మాట ఇంకా మాటగానే ఉంది. దాని బదులు హెనోకోలో కడుతున్న చోట సముద్రం అడుగు మెత్తటి బురద అని తేలింది. దాన్ని గట్టిపరచడానికి దాదాపు 71,000 స్తంభాలు దించాలట. మార్చిన ఆ ప్లానుకు గవర్నర్ డెనీ తమాకీ ఒప్పుకోకపోతే, 2023 డిసెంబరులో ఆయన బదులు కేంద్రమే సంతకం పెట్టేసుకుంది.

ఈలోగా డ్యూగాంగ్‌లు? ఒకినావా ప్రధాన దీవి చుట్టూ గుర్తించినవి మూడే మూడు. ఎ, బి, సి అని పిలిచేవారు. సి 2015 తర్వాత కనబడలేదు, ఎ 2018 తర్వాత కనబడలేదు. బి 2019 మార్చిలో నకిజిన్ దగ్గర చచ్చి తేలింది, టెంకి చేప (తోకలో విషపు ముల్లుండే చేప) ముల్లు గుచ్చుకుందని శవపరీక్షలో తేలింది. బి చావుకు నిర్మాణమే కారణమని నేను అనను. కానీ హెనోకో వైపు తిరిగే ఎ, పడవల రద్దీ పెరిగాక ఎటు పోయిందో ఎవరైనా జవాబు చెప్పాలా, వద్దా?

'ఇప్పుడు అక్కడ ఏముంది గనక' అనేవాళ్లకు ఒక్క మాట. 2020లో, ఈ నిర్మాణం జరుగుతున్న ఔరా ఖాతంలో నీళ్లలో పెట్టిన మైకుల్లో డ్యూగాంగ్ అరుపు కావచ్చనిపించే శబ్దాలు పడ్డాయి. 2022లో హెనోకోకు దగ్గర్లోనే, నాగో నగర పరిధిలోని కుషి తీరంలో దొరికిన పేడను పరీక్షిస్తే, అది డ్యూగాంగ్‌దేనని తేలింది. పేడ వేసిన జంతువు ఎక్కడో మేసే ఉంటుంది. ఆ మేసే చోటేదో కనిపెట్టేదాకా ఔరా ఖాతంలో ఇంకో స్తంభం దించకండి.