సెక్షన్ 66ఎ గారి పెద్దకర్మ ఎప్పుడు?

ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఎ గారు 2015 మార్చి 24న సుప్రీంకోర్టులో కాలం చేశారు. చాటుమాటుగా కాదు, దేశమంతా చూస్తుండగానే పోయారు. వాక్ స్వేచ్ఛ హక్కుకు విరుద్ధమని కొట్టేస్తూ తీర్పిచ్చింది జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం. చలమేశ్వర్ గారిది కృష్ణా జిల్లా కాబట్టి, పాడెకి ఒక కొమ్ము పట్టినవాడు మన తెలుగువాడేనని గర్వంగా చెప్పుకోవచ్చు.

బతికున్నన్నాళ్లూ వారిది చాలా సున్నిత మనస్తత్వం. ఆన్‌లైన్ రాతలతో ఎదుటివాడికి చిరాకు, అసౌకర్యం కలిగించడం కూడా వారి దృష్టిలో నేరమే, మూడేళ్ల వరకు జైలు. చిరాకంటే ఏమిటో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఈ లెక్కన తెల్లారకముందే ఫ్యామిలీ గ్రూపులో గులాబీపూల గుడ్‌మార్నింగులు కుమ్మరించే మా బాబాయి ఈపాటికి యావజ్జీవం పడి ఉండాల్సింది. కానీ లోపలికి వెళ్లింది బాబాయిలు కాదు. శివసేన నేత బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబై బంద్ దేనికని 2012 నవంబర్‌లో పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అది చూసి ఒక యువతి కోర్టుకెక్కితేనే వ్యవహారం మరణశయ్య దాకా వచ్చింది.

పోయాక ఏం చేశారు? ఉద్యోగం చేశారు. 2021 మార్చి నాటికి 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 66ఎ కింద 745 కేసులు నడుస్తున్నాయని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ లెక్క తీసి సుప్రీంకోర్టు ముందు పెట్టింది. విచిత్రమేమిటంటే, ఆ జూలైలో ఫైలు వెళ్లింది మళ్లీ నారిమన్ గారి బెంచికే. తన చేత్తో పూడ్చిపెట్టిన మనిషే లేచి తనకే ఎదురొచ్చి నమస్కారం పెడితే ఎవరైనా ఏమంటారు? ఆశ్చర్యమన్నారు, దిగ్భ్రాంతికరమన్నారు.

అప్పుడు అటార్నీ జనరల్ వేణుగోపాల్ గారు అసలు గుట్టు విప్పారు. బేర్ యాక్ట్‌లో, అంటే చట్టాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకంలో, సెక్షన్ ఇంకా అలాగే ఉంది, కొట్టేసిన సంగతి అడుగున ఫుట్‌నోట్‌లో ఉంది, పోలీసులు ఫుట్‌నోట్ దాకా వెళ్లరు. ఎంత న్యాయమైన మాట! పైన సెక్షన్ లావుపాటి అక్షరాల్లో నిండుగా ఉంటుంది. దాని నెత్తిన చిన్న అంకె. అది పట్టుకుని పేజీ అడుక్కి దిగితే, చీమలబారులాంటి అక్షరాల్లో ప్రాథమిక హక్కు. రాత్రి పదింటికి పిటిషన్‌దారు ఎదురుగా కూర్చుని బల్ల గుద్దుతుంటే స్టేషన్ రైటర్ భూతద్దం ఎక్కడ వెతుక్కుంటాడు?

చట్టం తెలియదంటే కుదరదని మనకు చెబుతారు కదా అని మీరు అడగొచ్చు. అది పౌరులకు. మనం ఫుట్‌నోట్‌తో సహా చదువుకుని నేరం చేయాలి. వారు పై పేరా చదివి కేసు పెడతారు. పని విభజన అన్నమాట.

చివరికి 2022 అక్టోబర్‌లో జస్టిస్ లలిత్ ధర్మాసనం ఇంకోసారి ఆదేశమిచ్చింది. 66ఎ కింద ఎవరినీ విచారించొద్దని, ఆ సెక్షన్‌ను అచ్చువేసే ప్రతి పుస్తకంలోనూ అది చెల్లదన్న సంగతి పాఠకుడికి తెలిసేలా చెప్పాలని. పోయినవారి ఫొటోకి దండ వేయండర్రా, లేకపోతే బతికే ఉన్నారనుకుంటారు అని పెద్దాయన కేకలేసినట్టు.

అలవాటు మరి, అంత తేలిగ్గా పోదు. ఐపీసీ మొత్తం 2024 జూలై 1న పోయింది. 420 గారి కుర్చీలో ఇప్పుడు కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత తరఫున 318 గారు కూర్చున్నారు. అయినా మా వీధిలో చీటీల డబ్బుతో ఉడాయించినవాణ్ని ఇంతవరకూ ఎవరూ ‘త్రీ ఎయిటీన్ గాడు’ అనలేదు.