మూడు కిలోవాట్ల విశ్రాంతి

రెండు రోజులు ఏ పనీ చేయకూడదన్నది మా ఆవిడ పెట్టిన షరతు. అందుకే జులై ఎండలో శనివారం పొద్దున్నే రోమ్‌లో రైలెక్కి, నేపుల్స్‌లో దిగి, ప్రోచిదా దీవికి బయలుదేరాం. కాప్రీ దీవికి వెళ్దామని నేనన్నాను. అక్కడి హోటళ్ల అద్దెలు పైకి చదివి వినిపించింది. నోరు మూసుకున్నాను.

నేపుల్స్‌లో దీవులకు ఓడలు బయలుదేరే ముఖ్యమైన రేవులు రెండు. చిన్న, వేగంగా పోయే పడవలు బెవెరెల్లో దగ్గర ఆగుతాయి. కార్లను కూడా మోసుకుపోయే పెద్ద ఓడలు పోర్టా ది మాస్సా నుంచి బయలుదేరతాయి. మా టికెట్లు రెండో దానికి, మేము బుద్ధిమంతుల్లా వరుసలో నిలబడింది మొదటి దాని దగ్గర. సంగతి తెలిశాక పెట్టె ఈడ్చుకుంటూ ఎండలో ఒకటే పరుగు. ఆ పెట్టెలో ఏముందని అడగరేం? రైస్ కుక్కరు, రెండు కిలోల సోనా మసూరి, పోపుల డబ్బా, ఇస్త్రీ పెట్టె.

"ఏ పనీ చేయకూడదన్నావు కదా, ఇవన్నీ ఎందుకు?" అన్నాను రొప్పుతూ.

"అన్నం లేకుండా విశ్రాంతి ఏమిటండీ!"

ప్రోచిదా నాలుగు చదరపు కిలోమీటర్ల దీవి. 2022లో ఇటలీ సాంస్కృతిక రాజధానిగా వెలిగింది. మా గది కొర్రిచెల్లా అనే జాలరిపేటలో. గులాబి, పసుపు, నీలం రంగుల ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. ఫొటోలో ఎంత అందమో! అక్కడికి బండ్లు రావని, మెట్లు దిగాల్సిందేనని ఫొటో చెప్పదు. మెట్టు మెట్టుకీ పెట్టె ధన్ ధన్ మంటుంటే లోపల కుక్కరు మూత తాళం వేసింది. సగం దారిలో ఒక చక్రం మా కంటే ముందే సముద్రం వైపు వెళ్లిపోయింది.

ఇంటి యజమానురాలు పైఅంతస్తులో ఉండే ఒక పెద్దావిడ. రాగానే చిన్న కొబ్బరికాయంత నిమ్మకాయ చేతిలో పెట్టింది. పైన పసుపు తొక్క, లోపల బొటనవేలి మందాన తెల్లటి దూది. ఆ దూదినే ముక్కలు కోసి, పుదీనా, వెల్లుల్లి, మిరపకాయ, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి తింటారట. ఇదంతా చేతులతోనే చెప్పింది, మేమూ చేతులతోనే అర్థం చేసుకున్నాం. కానీ మా ఆవిడ కళ్లలో అప్పటికే పులిహోర మెరిసింది.

రాత్రి ఏసీ వేసుకున్నాం. కుక్కరు పెట్టాం. మా ఆవిడ గీజరు వేసుకుని స్నానానికి వెళ్తూ, "పనిలో పని, రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకోండి" అంది. ఇస్త్రీ పెట్టె స్విచ్చి వేశాను. టప్!

కరెంటు పోతే తెలుగువాడు మొదట చేసేది పక్కింటివైపు చూడటం. వాళ్లకీ పోతే మనసు కుదుటపడుతుంది. కిటికీలోంచి చూస్తే రేవంతా దీపాలే. చీకటి మా ఒక్క గదికే. ఇటలీలో మామూలు ఇళ్లకు ఇచ్చేది మూడు కిలోవాట్లు, అంతకు బాగా మించి లాగితే మీటరు అలుగుతుంది. రోమ్‌లో రెండేళ్లుగా ఉంటూ నేను మరిచిపోయిన సంగతి ఇది.

"ఏమండీ, తల నిండా సబ్బుంది!" లోపలి నుంచి కేక.

మీటరు బయటి మెట్ల కింద ఉంది. ఒంటి మీద గళ్ల లుంగీ తప్ప ఏమీ లేకుండా బయటికి వచ్చాను. సముద్రపు గాలి వెనకనుంచి తలుపును ధడేలున వేసింది. ఆ తలుపుకు బయట తిప్పే పిడి లేదు, ఊరికే పట్టుకోవడానికి ఒక గుండు. తాళంచెవి లోపల. ఫోను లోపల. సబ్బుతో మా ఆవిడ లోపల. ఎదురుగా, సరిగ్గా పది అడుగుల కింద, బల్లలు వేసుకుని చేపలు తింటున్న జనం. ఒక్కొక్క ఫోర్కే ఆగింది. మీటరు పెట్టెలో ఏది నొక్కాలో తెలియక వంగి వెతుకుతుంటే లుంగీ ముడి కూడా తన విశ్రాంతి తాను కోరుకుంది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, కుడి చేత్తో "ఏమీ లేదు, తినండి" అన్నట్టు ఊపాను. వాళ్లు కూడా ఊపారు.

పెద్దావిడ దిగివచ్చి ఒక మీట పైకి లేపింది. వెలుగొచ్చింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, నేరుగా లోపలికెళ్లి ఏసీ ఆపి, ఇస్త్రీ పెట్టె తీగ పీకి, నా ముఖం ముందు ఒక వేలు నిలబెట్టింది: ఒకసారికి ఒక్కటే. తర్వాత చెత్తబుట్టలో మేము పిండి పారేసిన నిమ్మ చిప్పలు చూసింది. లుంగీకి కూడా అంత నివ్వెరపోలేదు ఆవిడ.

పులిహోర మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకుంది.

ఆదివారమంతా నేను లైన్‌మన్‌ని. గీజరు వేస్తే ఏసీ ఆపాలి, కుక్కరు పెడితే గీజరు ఆపాలి. మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా, ప్యాంటు వేసుకుని, ఎవరూ గుర్తుపట్టరన్న ధైర్యంతో రేవులోకి దిగాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్నొకసారి చూశాడు, తలెత్తి మా మెట్ల మీద తీగకు ఆరుతున్న గళ్ల లుంగీని ఒకసారి చూశాడు. మళ్లీ నన్ను చూసి, ఎడమ చేత్తో నడుం దగ్గర ప్యాంటు పట్టుకుని, కుడి చెయ్యి ఊపాడు.