సముద్రం మీది దీవి గారికి, ట్రాక్టర్ ట్రాలీ మీదికెల్లి

గౌరవనీయులైన ప్రిన్సెస్ ఎలిజబెత్ దీవి గారికి,

నర్సంపేట దిక్కు యాసంగి రైతు ఒకడు దండం పెట్టి రాసేది ఏమనగా:

కరెంటాఫీసు వేపచెట్టు కింద పగటి పూటంత కూసుండి మీ ముచ్చటే ఫోన్ల చదివిన. వేరే పనేమున్నది? బెల్జియం ఒడ్డుకు 45 కిలోమీటర్ల అవతల, సముద్రంల, ఉత్త కరెంటు కోసమే మిమ్మల్ని కడుతున్నరట. ఒక్కోటి 22 వేల టన్నులుండే కాంక్రీటు డబ్బాలు, గట్లాంటివి 23, నెదర్లాండ్స్‌ల పోసి, పడవలతోటి గుంజుకొచ్చి ముంచుతరట. చుట్టుపక్కల గాలిమరల కరెంటు మీ మీదికొచ్చి, వోల్టేజీ పెంచుకొని, కేబుల్ పట్టుకొని ఒడ్డుకు పోతదట. 3,500 మెగావాట్లు!

మాది 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. కాలిపోయి తొమ్మిది దినాలైంది. వరి పొట్టకొచ్చింది.

మీ డబ్బాలను మోయనీకి పడవలున్నయి. మా ట్రాన్స్‌ఫార్మర్‌ను మేమే మోసినం. పన్నెండు మందిమి మూడు వందల చొప్పున ఏసుకొని ట్రాక్టర్ మాట్లాడినం. తాళ్లు కట్టి, వాసాలు పెట్టి, భుజాలిచ్చి ఎక్కిచ్చినం. ఆయిల్ కారి నా అంగీ నల్లగైంది. కరెంటాఫీసు సారు మెట్టు దిగకుంటనే చూసి, "ఆయిల్ తక్కువున్నది, ఎవరు తీసుకున్నరు?" అన్నడు. సారూ, ఇగో, నా అంగీ పిండుకోండ్రి!

యాప్‌ల కంప్లైంటు పెడితే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజొచ్చింది. దాని సంగతి ఇడిసిపెట్టండ్రి.

22 వేల టన్నుల డబ్బా అలల మీద తేలుకుంట పోతది గని, గోడౌన్ల ఉన్న ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ గేటు దాకా రాదా? మూడో పారి "రేపు రాండ్రి" అంటే ఏ రేపు? నీళ్లందక గింజ తాలు పోయినంక వచ్చే రేపా? గది మాకెందుకు, మీ ఆఫీసులనే బిగిచ్చుకోండ్రి!

కోపం మీ మీద కాదు. మీ గురించి కిందికి చదివితే నాకే జాలేసింది. మొదలు 220 కోట్ల యూరోలన్నరట, తర్వాత లెక్క 700 కోట్లు దాటిందట, డీసీ (డైరెక్ట్ కరెంటు) లైన్ల పని ఆపి పెట్టిన్రట. డెన్మార్క్‌ల మీ వరసకు చెల్లెకు, గసొంటి కరెంటు దీవికే, 2020లనే సై అన్నరు, ఒడ్డుకు 80 కిలోమీటర్ల అవతల అన్నరు. ఆమెదీ వాయిదే. అంటే మీకూ ఎవడో మెట్టు మీద నిలవడి "రేపు రాండ్రి" అన్నడన్నట్టు.

ఇగ ఉంట. సారు తిని వచ్చినట్టున్నడు. ట్రాక్టరాయన గంట కిరాయి పెరిగిందని అరుస్తున్నడు.