విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి గంటా పది నిమిషాలు చాలవు

మన విశాఖ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పోర్ట్‌బ్లెయిర్ 662 మైళ్ళే, అంటే 1,065 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 900 వెళ్తుంది. గంటా పది నిమిషాల్లో దిగిపోవాలి. రెండు గంటలని రాయడం ఎయిర్‌లైన్స్ మోసం. రానూపోనూ వేరే టైములు చూపించడమే అందుకు రుజువు" అని. ఇది నమ్మి, విమానం దిగిన గంటలోపే స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్ దీవి) పడవకి టికెట్లు కొంటే నష్టపోయేది పిల్లాపాపలతో బయల్దేరే మనవాళ్ళే.

ముందు మైళ్ళ సంగతి. 662 అన్న అంకె సరైనదే. కానీ అవి ఓడలకీ విమానాలకీ వాడే నాటికల్ మైళ్ళు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. మెసేజ్ రాసినవారు రోడ్డు మైలు లెక్కన 1.609తో గుణించేశారు. విశాఖ విమానాశ్రయం ఉన్న నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వే నుంచి తిన్నగా కొలిస్తే దూరం సుమారు 1,225 కిలోమీటర్లు. భోగాపురం విమానాశ్రయం నుంచి కొలిచినా పది కిలోమీటర్లకు మించి తేడా రాదు. ఇది కూడా భూగోళం మీద అతి దగ్గరి గీత మాత్రమే. విమానం లేచాక దారిలోకి మళ్ళాలి, దిగేముందు రన్‌వేకి ఎదురుగా రావాలి.

ఇక వేగం. ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానం పైన నిలకడగా వెళ్ళేది గంటకు 830 కిలోమీటర్ల దగ్గర. అదీ పైకి చేరాకే. 10,000 అడుగుల లోపు మామూలుగా 250 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్ళు) దాటనివ్వరు, అంటే గంటకు 463 కిలోమీటర్లు. పూర్తి ఎత్తుకి ఎక్కడానికే ఇరవై నిమిషాలు పట్టేస్తుంది. మన చెవులు పూడుకుపోవడం మొదలయ్యేసరికి కిటికీలోంచి ఇంకా నీళ్ళే కనిపిస్తుంటాయి. ఎందుకంటే రన్‌వే 200 కిలోమీటర్ల దూరంలో ఉండగానే దిగడం మొదలుపెడతారు. నేలని తాకేసరికి వేగం గంటకు 250 కిలోమీటర్లకి పడిపోతుంది. మొత్తం దూరాన్ని ఒకే వేగంతో భాగిస్తే వచ్చే జవాబు తప్పే.

టికెట్ మీద వేసేది గాల్లో ఉన్న టైము ఒక్కటే కాదు. ఇక్కడ విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. విమానం రన్‌వే దాకా నేల మీద వెళ్ళేదీ, వంతు కోసం ఆగేదీ అందులోదే.

రానూపోనూ తేడాకి కారణం గాలి. చలికాలంలో ఆ ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, అటు వెళ్ళేటప్పుడు తోస్తుంది. జూలై, ఆగస్టుల్లో మన అక్షాంశాల మీద అదే ఎత్తున తూర్పు గాలులు బలంగా ఉంటాయి, అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇందులో మోసం ఏముంది?

చెన్నై మీదుగా వెళ్ళేవాళ్ళకి 620, ఆపైన 1,370, మొత్తం 1,990 కిలోమీటర్లు. మధ్యలో విమానం మారే టైము అదనం.

పడవ కొనేముందు టికెట్ మీదున్న దిగే టైమే చూడండి. సామాను రావాలి, జెట్టీకి చేరాలి. మధ్యాహ్నం దిగేటట్టయితే టెన్షన్ లేకుండా మర్నాటి పొద్దున్న పడవకి తీసుకోండి.