డాట్స్ ముందు ఆ ఊరి క్లబ్, తర్వాతే ఇంకేదైనా

స్లొవేకియా ఫుట్‌బాల్ గురించి ఎక్కడ మాట వచ్చినా, దునాయ్‌స్కా స్ట్రెదా అనే ఊరి పేరు ఎత్తగానే ఎవరో ఒకరు "ఓ, ఆ హంగేరీ వాళ్ల క్లబ్బా" అని తేల్చేస్తారు. అక్కడితో చర్చ ముగిసిపోతుంది. 1904 నుంచి నడుస్తున్న ఆ ఊరి క్లబ్ డాట్స్‌ని (డి.ఎ.సి.ని అక్కడివాళ్లు అలాగే పలుకుతారు) ఒక్క ముక్కలో కొట్టిపారేయడం చూసి చూసి విసుగొచ్చింది. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాకి ఆగ్నేయంగా, డాన్యూబ్‌కీ చిన్న డాన్యూబ్ అనే దాని పాయకీ మధ్య పెద్ద లంక ఉంది. ఆ లంకలో ఇరవై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు ఇది. ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది హంగేరియన్. క్లబ్ పుట్టినప్పుడు ఊరు ఆస్ట్రియా-హంగేరీ రాజ్యంలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చెకోస్లొవేకియాలో కలిపారు. 1938లో మళ్లీ హంగేరీకి ఇచ్చారు, 1945లో మళ్లీ తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు అక్కడి హంగేరియన్లకు పౌరసత్వం లేకుండా చేశారు, చాలామందిని ఊళ్లు వదిలి పొమ్మన్నారు. ఇన్ని చూసిన జనానికి తమ క్లబ్ పసుపు-నీలం చొక్కా అంటే ఎందుకంత ప్రాణమో అర్థం చేసుకోవడం కష్టమా?

అసలు చెప్పాల్సింది 1987 గురించి. డాట్స్ చెకోస్లొవేకియా మొదటి డివిజన్‌లోకి వచ్చిందే 1985లో. రెండేళ్లు తిరిగేసరికి కారోల్ పెట్సే కోచ్‌గా చెకోస్లొవేకియా కప్ ఫైనల్‌కి చేరింది. ఎదురుగా స్పార్టా ప్రాగ్. అంతకు కొన్నేళ్ల ముందే యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఏఫా కప్‌లో రియల్ మాడ్రిడ్‌ని ఇంటికి పంపిన జట్టు అది. నిర్ణీత సమయంలో ఒక్క గోల్ కూడా పడలేదు, పెనాల్టీల్లో డాట్స్ గెలిచింది. రాజధాని క్లబ్బులకీ పెద్ద ఫ్యాక్టరీల క్లబ్బులకీ అలవాటైన కప్పు, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊరికి వెళ్లింది! మరుసటి సీజన్‌లో లీగ్‌లో మూడో స్థానం. 1988లో యూఏఫా కప్‌లో స్వీడన్ జట్టు ఓస్టర్‌ని దాటాక ఎదురైంది ఎవరో కాదు, జర్మనీ దిగ్గజం బయెర్న్ మ్యూనిక్. హైంకెస్ కోచ్‌గా, ఆగెన్‌థాలర్ లాంటి వాళ్లతో నిండిన బయెర్న్. డాట్స్ ఓడిపోయింది, సరే. కానీ ఆ బయెర్న్ ఈ ఊరికి వచ్చి ఆడాల్సి వచ్చింది. అప్పటి డాట్స్ జట్టులో హంగేరియన్లూ ఉన్నారు, స్లోవాక్‌లూ ఉన్నారు. బ్రాటిస్లావాలో పుట్టిన పీటర్ ఫీబర్ ఇక్కడ ఆడుతూనే పేరు తెచ్చుకున్నాడు. "హంగేరీ వాళ్ల క్లబ్" అనేవాళ్లు ఈ జట్టు గురించి ఒక్క మాటైనా చెప్పగా నేను వినలేదు.

చెకోస్లొవేకియా రెండుగా విడిపోయాక క్లబ్ పరిస్థితి దిగజారింది. పై లీగ్ నుంచి కిందికి జారింది, డబ్బు లేదు, యజమానులు మారారు. 2008లో సెనెత్స్ క్లబ్‌తో విలీనమై మళ్లీ పై లీగ్‌లోకి వచ్చింది.

సరిగ్గా ఆ ఏడాదే నవంబర్ 1న రాజధాని క్లబ్ స్లోవాన్ బ్రాటిస్లావాతో మ్యాచ్. మొదటి సగం ఇంకా నడుస్తుండగానే పోలీసులు అభిమానుల గ్యాలరీలోకి చొరబడి లాఠీలకు పనిచెప్పారు. హంగేరీ నుంచి వచ్చినవాళ్లతో సహా చాలామంది గాయపడ్డారు. రెండు వారాల్లో స్లొవేకియా, హంగేరీ ప్రధానులు ఇద్దరూ సరిహద్దు ఊరు కొమార్నోలో కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. గ్యాలరీలో రెచ్చగొట్టే గుంపులు ఉన్నాయి, కాదనను, రెండు వైపులా ఉన్నాయి. కానీ దెబ్బలు తిన్నవాళ్లంతా వాళ్లే కాదు. ఆ రోజు నుంచి బయటివాళ్లకు ఈ క్లబ్ అంటే గొడవ, జెండా, రాజకీయం.

2019 మార్చిలో స్లొవేకియా పార్లమెంట్ ఇంకో అడుగు వేసింది. పరాయి దేశ జాతీయగీతాన్ని ఆ దేశపు అధికారిక ప్రతినిధి బృందం లేకుండా పాడకూడదనే చట్ట సవరణకు ఓటేసింది. మ్యాచ్‌కి ముందు హంగేరీ గీతం పాడుకునే డాట్స్ అభిమానుల మీదికే అది వస్తుందని అందరికీ తెలుసు. ప్రేక్షకుడి పాట మీద చట్టం చేయడం చిన్నతనం. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అలాగని బుడాపెస్ట్‌ని, అంటే హంగేరీ ప్రభుత్వాన్ని కూడా వెనకేసుకురాను. 2014లో ఓస్కార్ విలాగి క్లబ్‌ని తీసుకున్నారు. ఆయనది ఆ ఊరే, అప్పట్లో స్లొవేకియా చమురు కంపెనీ స్లోవ్‌నాఫ్ట్ అధినేత. స్లోవ్‌నాఫ్ట్ హంగేరీ ఆయిల్ కంపెనీ మోల్‌ది. కొత్త స్టేడియం పేరు మోల్ అరేనా, పన్నెండు వేలకు పైగా సీట్లు, అంటే ఊళ్లో సగం మంది పడతారు. అకాడమీకి హంగేరీ ప్రభుత్వం డబ్బిచ్చింది. మైదానం బాగుంది, జట్టు బాగుపడింది, ఐవరీ కోస్ట్ కుర్రాడు బాయోని స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్‌కి అమ్మే స్థాయికి వచ్చింది. సంతోషమే. కానీ సరిహద్దు అవతలి ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఓట్ల లెక్కలు చూసుకోకుండా రాదు. రేపు అక్కడ ప్రభుత్వం మారి డబ్బు ఆగిపోతే ఈ క్లబ్ మళ్లీ 2000ల నాటికి వెళ్లకూడదు. టికెట్లు, ఆటగాళ్ల అమ్మకాలు, స్థానిక స్పాన్సర్లతో నిలబడే లెక్క ఇప్పుడే వేసుకోవాలి. లీగ్‌లో జనం బాగా వచ్చే మైదానాల్లో ఇదొకటి కాబట్టి అది అసాధ్యం కూడా కాదు.

ఇక మిగిలింది టైటిల్. 2019, 2021, 2023లో రెండో స్థానం. మూడుసార్లూ పైన ఉన్నది స్లోవానే. స్లొవేకియా లీగ్ ఇంతవరకు డాట్స్‌కి దక్కలేదు. ఆ అకాడమీలో పెరిగిన, ఆ డాన్యూబ్ లంక ఊళ్ల కుర్రాళ్లతో, వాళ్ల ఇంటి భాష ఏదైనా సరే, ఒక్కసారి స్లోవాన్‌ని దాటి లీగ్ గెలవాలని నా కోరిక.